రక్తంలో ఒక లెక్క, ఊపిరిలో ఇంకో లెక్క

ఉబ్బసం ఉన్నవాళ్ల రక్తంలో ఫలానా ఎంజైమ్ తగ్గిందని ఒక ప్రయోగశాల రాస్తుంది. అదే ఎంజైమ్ పెరిగిందని మరో ప్రయోగశాల రాస్తుంది. ఇలాంటి పత్రాలు కోకొల్లలు. వరసగా నాలుగు చదివితే ఎవరో ఒకరు పొరబడి ఉంటారనిపిస్తుంది. నింపాదిగా మళ్లీ చదివితే చాలాసార్లు ఇద్దరూ సరిగ్గానే కొలిచారని, కొలిచిన చోటే వేరని తేలుతుంది. ఉబ్బసం శ్వాసనాళాల జబ్బు. ఆ నాళాల గోడల్లో ఏం జరుగుతోందో మోచేతి నరం నుంచి తీసిన ఐదు మిల్లీలీటర్ల రక్తం చెప్పేస్తుందన్న నమ్మకం మీదే ఈ రంగంలో సగం పని నడిచింది. ఆ నమ్మకం ఎంతవరకు నిలబడిందో చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌తో మొదలుపెడదాం. పొట్టిగా ఎస్‌ఓడీ అంటారు. ఉబ్బసంలో శ్వాసనాళాల్లోకి వచ్చి చేరే తెల్ల రక్తకణాలు సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని గుప్పిస్తాయి. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చడం ఎస్‌ఓడీ పని. ఆ పెరాక్సైడ్‌ను నీటిగా మార్చే పని కాటలేజ్‌ది, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌ది. పశువుల రక్తం నుంచి ఎస్‌ఓడీ ప్రొటీన్‌ను 1938లోనే మాన్, కీలిన్ వేరుచేశారు. అందులో రాగి ఉందని గుర్తించారు గానీ, అది చేసే పనేమిటో వాళ్లకు అంతుపట్టలేదు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ ఆ గుట్టు విప్పేసరికి 1969 వచ్చింది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో సెర్పిల్ ఎర్జురుమ్, సుజీ కొమ్‌హెయిర్ బృందం ఈ ఎంజైమ్ వెంట ఏళ్ల తరబడి పడింది. ఉబ్బసం ఉన్నవాళ్ల శ్వాసనాళాల పైపొర కణాల్లో ఎస్‌ఓడీ చురుకుదనం తక్కువగా ఉందని 1990ల చివర్లోనే తేలింది. 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వాళ్ల పని ఇంకా ఆసక్తికరం. ఊపిరితిత్తిలో ఒక చిన్న భాగంలోకి బ్రాంకోస్కోప్ గొట్టం ద్వారా అలర్జీ కలిగించే పదార్థాన్ని వదిలి, అక్కడి కణాలను పరీక్షించారు. ఎస్‌ఓడీ చురుకుదనం చూస్తుండగానే పడిపోయింది. ఇంత త్వరగా పడిపోయిందంటే కణం కొత్త ఎంజైమ్‌ను తయారుచేయడం మానేసిందని అనుకోవడానికి లేదు. ఉన్న ఎంజైమే దెబ్బతింది. అదే బృందం తర్వాత చేసిన పరీక్షల్లో మాంగనీసు ఉండే ఎస్‌ఓడీ రకం ఆక్సీకరణకూ నైట్రేషన్‌కూ గురై పనికిరాకుండా పోయినట్టు కనిపించింది. ఎంజైమ్ అక్కడే ఉంటుంది, పని మాత్రం చేయదు. పరిమాణం వేరు, చురుకుదనం వేరు అన్న ఈ తేడాను పట్టించుకోని పత్రాలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

2005లో అదే బృందం రక్తం వైపు తిరిగింది. ఉబ్బసం ఉన్నవాళ్ల సీరంలోనూ ఎస్‌ఓడీ చురుకుదనం తక్కువగా ఉందని, గాలి ప్రవాహానికి అడ్డంకి ఎంత ఎక్కువైతే ఇది అంత తక్కువగా ఉంటోందని చూపింది. అంతకు రెండేళ్ల ముందు, 2003లో, ఢిల్లీలోని వల్లభభాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ప్రచురించిన ఫలితం దీనికి ఎదురుగా నిలబడుతుంది. వాళ్లు కొలిచింది ఎర్ర రక్తకణాల్లో. అక్కడ ఎస్‌ఓడీ పెరిగింది, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ తగ్గింది.

ఎవరిది నిజం? ఇద్దరిదీ. సీరంలో తిరిగే ఎస్‌ఓడీ ప్రధానంగా కణాల బయట పనిచేసే రకం. ఎర్ర కణంలో ఉండేది రాగి, జింకు కలిగిన మరో రకం. పైగా ఎర్ర కణానికి కేంద్రకం లేదు. ఎముక మూలుగలో పుట్టినప్పుడు ఇచ్చిన ఎంజైములను సద్దిమూటలా కట్టుకుని బయల్దేరి, దాదాపు 120 రోజులు వాటితోనే నెట్టుకొస్తుంది. దారిలో అయిపోతే కొత్తగా వండుకునే వీలు దానికి లేదు. అందుకని ఇవాళ తీసిన రక్తంలోని ఎర్ర కణాల అంకె ఇవాళ్టి ఆయాసం గురించి చెప్పేది తక్కువ. గడిచిన మూడు నాలుగు నెలల్లో మూలుగ ఎలాంటి కణాలను పంపిందో, వాటి సరుకు ఎంత అరిగిందో కలగలిపి చెబుతుంది. శ్వాసనాళపు కణం అలాంటిది కాదు. అది రోజూ పొగనూ దుమ్మునూ ఎదుర్కొంటూ తన ఎంజైములను తానే తయారుచేసుకుంటుంది.

కొలతలోనూ ఓ తిరకాసు ఉంది. ఎస్‌ఓడీని నేరుగా కొలవడం అరుదు. సూపరాక్సైడ్ వల్ల రంగు మారే ఒక చర్యను పరీక్షనాళికలో నడిపించి, నమూనా కలిపితే ఆ రంగు ఎంత ఆగిందో చూస్తారు. సగం ఆగితే ఒక యూనిట్. రంగు పదార్థం మారినా, క్షారత మారినా ఆ యూనిట్ విలువ మారిపోతుంది. దాన్ని ఒకరు గ్రాము హిమోగ్లోబిన్‌తో భాగిస్తారు, ఒకరు మిల్లీగ్రాము ప్రొటీన్‌తో, ఇంకొకరు మిల్లీలీటరు ప్లాస్మాతో. ఇన్ని రకాల అంకెలను ఒకే పట్టికలో పోసి సగటు తీసిన సమీక్షలు చూస్తే నాకు నమ్మకం కుదరదు.

అసలు గొడవ అంతకన్నా ముందే, రక్తం తీసే బల్ల దగ్గరే మొదలవుతుంది. నరం సరిగా దొరకక సూది అటూ ఇటూ కదిపినా, సిరంజి పిస్టన్‌ను గట్టిగా లాగినా, గొట్టాన్ని జోరుగా ఊపినా కొన్ని ఎర్ర కణాలు పగిలిపోతాయి. పసుపు పచ్చగా తేటగా ఉండాల్సిన సీరం లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎర్ర కణం నిండా ఎస్‌ఓడీ, కాటలేజ్, ఎల్‌డీహెచ్ ఉంటాయి. ఆర్జినేజ్ కూడా ఉంటుంది. అవన్నీ సీరంలోకి ఒలికిపోతాయి. అక్కడితో ఆ నమూనాలోని అంకె ఉబ్బసం గురించి కాక సూది వేసిన చేతి గురించి చెప్పడం మొదలుపెడుతుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు వదిలారన్నదీ ముఖ్యమే. ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాల్లో ఉండే ఈసీపీ అనే ప్రొటీన్ నిజానికి ఆర్‌ఎన్‌ఏను కోసే ఎంజైమ్. గొట్టంలో గడ్డకడుతున్న రక్తంలోనూ ఇసినోఫిల్స్ దాన్ని వదులుతూనే ఉంటాయి. గది వేడెక్కితే, సమయం గడిస్తే అంకె పెరుగుతుంది. 1990ల్లో ఈసీపీని ఉబ్బసానికి మంచి సూచికగా ఎంతో మెచ్చుకున్నారు. గడ్డకట్టే వ్యవధినీ ఉష్ణోగ్రతనూ కచ్చితంగా పాటించని చోట అది నిలవలేదు. మేటలోప్రొటీనేజ్ ఎంజైములది ఇంకో కథ. వాటికి జింకు, కాల్షియం కావాలి. గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేస్తే అది ఆ లోహాలనే లాగేసుకుంటుంది. చురుకుదనం కొలుద్దామని కూర్చునేసరికి చురుకుదనం ఉండదు.

ఇన్ని తిప్పలెందుకు, నేరుగా శ్వాసనాళాల్లోంచే తీయొచ్చు కదా? తీస్తున్నారు. గాఢమైన ఉప్పునీటి ఆవిరి పీల్పించి కఫం దగ్గించి తీసే పద్ధతి ఉంది. బ్రాంకోస్కోప్‌తో సెలైన్ వదిలి వెనక్కి లాగే పద్ధతీ ఉంది. రెండోదానిలో పోసిన సెలైన్‌లో ఎంత వెనక్కి వచ్చిందో, శ్వాసనాళపు ద్రవం అందులో ఎంత పలచబడిందో తేల్చడం కష్టం. మొదటిదానిలో చిక్కటి కఫం కరగడానికి డైథయోత్రైటాల్ అనే రసాయనం కలుపుతారు. అది ప్రొటీన్లలోని గంధకపు బంధాలను తెంపుతుంది. కఫంతోపాటు కొన్ని ఎంజైముల ఆకారాన్నీ చెడగొడుతుంది. నమూనాను ఎలా సిద్ధం చేశారో రాయని పత్రంలో ఎంజైమ్ చురుకుదనం అంకె కనిపిస్తే అక్కడ ఆగి ఆలోచించాల్సిందే.

గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ కథ వైద్యుల కన్నా మాత్రల వ్యాపారులను ఎక్కువ ఆకట్టుకుంది. ఈ ఎంజైమ్ నడవాలంటే సెలీనియం కావాలి. న్యూజిలాండ్ నేలల్లో సెలీనియం తక్కువ, ఆ దేశంలో ఉబ్బసం ఎక్కువ. ఉబ్బసం ఉన్నవాళ్లలో సెలీనియం తక్కువగా ఉందని 1990లో థొరాక్స్ పత్రికలో అక్కడి పరిశోధకులు రాశారు. లెక్క కుదిరినట్టే కనిపించింది. అయితే సెలీనియం ఇచ్చి చూడొద్దూ? చూశారు. 2007లో అదే పత్రికలో వచ్చిన బ్రిటిష్ ప్రయోగంలో ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లకు 24 వారాలపాటు రోజూ 100 మైక్రోగ్రాముల సెలీనియం ఇచ్చారు. రక్తంలో సెలీనియం పెరిగింది. ఉబ్బసం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. రక్తంలో ఒక ఎంజైమ్ తగ్గడమంటే జబ్బుకు అదే కారణమని అర్థం కాదు. జబ్బు దాన్ని తినేస్తూ ఉండొచ్చు. మన మందుల షాపుల్లో యాంటీ ఆక్సిడెంట్ పేరుతో ఉబ్బసం రోగికి అంటగట్టే క్యాప్సూళ్ల వెనక ఇంతకు మించిన శాస్త్రం లేదు.

జపాన్‌లో ఇలాంటిదే మరో ఆశ పుట్టింది. పాఫ్ అనే కొవ్వు పదార్థం శ్వాసనాళాలను బిగిస్తుంది. దాన్ని విరిచే ఎంజైమ్ పాఫ్ ఎసిటైల్ హైడ్రోలేజ్ రక్తంలో తిరుగుతుంటుంది. జపనీయుల్లో సుమారు నూటికి నలుగురిలో ఒక జన్యుమార్పు వల్ల ఈ ఎంజైమ్ అసలు పనిచేయదు. ఉబ్బసం తీవ్రంగా ఉన్న పిల్లల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తోందని 1988లో రాశారు. ప్రకృతే చేసి చూపిన ప్రయోగం అనిపించింది. తర్వాతి జపనీ అధ్యయనాల్లో కొన్ని ఆ సంబంధాన్ని సమర్థించలేదు. పాఫ్‌ను అడ్డుకునే మందులు కూడా ఉబ్బసంలో నిరాశపరిచాయి. నూటికి నలుగురు ఈ ఎంజైమ్ లేకుండానే బతుకుతున్నారు, వాళ్లందరికీ ఉబ్బసం రాలేదు. ఆ ఒక్క సంగతి మొదట్లోనే హెచ్చరించి ఉండాల్సింది.

మాస్ట్ కణాల నుంచి వచ్చే ట్రిప్టేజ్ దగ్గరికొస్తే రక్తానికీ శ్వాసనాళానికీ మధ్య ఎడం ఎంతుందో బట్టబయలవుతుంది. తేనెటీగ కుట్టో మందు పడకో ఒళ్లంతా అలర్జీ కమ్మేసినప్పుడు, గంట రెండు గంటల్లో రక్తంలో ట్రిప్టేజ్ ఎగబాకుతుంది. అత్యవసర విభాగాల్లో దీన్ని నిజంగానే వాడుకుంటారు. కానీ ఉబ్బసం ఉధృతమై రోగి కూర్చోలేక నిలబడలేక అల్లాడుతున్నప్పుడు కూడా రక్తంలో ట్రిప్టేజ్ సాధారణంగానే ఉండటం మామూలు. ఊపిరితిత్తిని కడిగి తీసిన ద్రవంలో మాత్రం ఉంటుంది. 1980ల చివర్లో అమెరికాలో లారెన్స్ ష్వార్జ్, ఆయన సహచరులు అలర్జీ పదార్థం వదిలి చేసిన పరీక్షల్లో అది స్పష్టంగా కనిపించింది. రక్తంలో మామూలుగా దొరికే ట్రిప్టేజ్‌లో చాలా భాగం ఇంకా చురుకుదేరని ముందు రూపమే. పైగా 2016లో తేలిందేమంటే, కొందరిలో ట్రిప్టేజ్ జన్యువు అదనపు ప్రతులు వంశపారంపర్యంగా ఉంటాయి, వాళ్ల రక్తంలో అంకె ఎప్పుడూ ఎక్కువే. ఆ అంకె వాళ్ల జన్యువుల లెక్క చెబుతోంది, ఊపిరి సంగతి కాదు.

శ్వాసనాళంలో కూడా ట్రిప్టేజ్ ఎంత ఉందన్నదాని కన్నా ఎక్కడ ఉందన్నది ముఖ్యమని 2002లో బ్రిటన్‌లోని లెస్టర్ నుంచి వచ్చిన పని చూపింది. ఇసినోఫిల్స్ వల్ల దగ్గు వచ్చే బ్రాంకైటిస్ ఒకటుంది. వాపు ఉబ్బసంలాగే ఉంటుంది గానీ నాళాలు బిగుసుకోవు. ఈ రెండింటి బయాప్సీలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్కటే కొట్టొచ్చినట్టు కనిపించింది. ఉబ్బసంలో మాస్ట్ కణాలు నాళం చుట్టూ ఉండే కండరం లోపలికే చొరబడి ఉన్నాయి. అంత దగ్గరగా వదిలిన ఎంజైమ్ రక్తం దాకా రావలసిన అవసరమే లేదు. తర్వాత ట్రిప్టేజ్‌ను విడగొట్టి పనిచేయనీయకుండా చేసే యాంటీబాడీని జెనెంటెక్ సంస్థ తయారుచేసింది. ప్రయోగశాలలో చక్కగా పనిచేసింది. రోగుల మీద రెండో దశ పరీక్షలో ఉబ్బసం విజృంభించే సందర్భాలను తగ్గించలేకపోయింది.

ఇక ఇసినోఫిల్ విషయంలో నాకు ఎప్పటికీ విసుగు పుట్టని కథ ఒకటుంది. 1853లో షార్కో, రోబాన్ మొదట చూసిన సూదిమొనల స్ఫటికాలనే 1872లో లైడెన్ ఉబ్బసం రోగుల కఫంలో చూశాడు. రెండు కొసలా మొనదేలి, సూక్ష్మదర్శినిలో తళతళలాడుతూ ఉంటాయి. అవి లైసోఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైమ్ స్ఫటికాలని 1980లలో ప్రకటించారు. పుస్తకాల్లోకి ఎక్కింది, పరీక్షల్లో సమాధానమైంది. 2002లో ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అది గెలెక్టిన్-10 అనే ప్రొటీన్, దానికి ఎంజైమ్ పని లేదు. నిజమైన ఎంజైమ్ దానికి అంటుకుని రావడంతో పొరపాటు జరిగింది. 2019లో బెల్జియంలోని గెంట్ బృందం సైన్స్ పత్రికలో ఇంకో మలుపు చూపింది. ఆ స్ఫటికాలు కఫంలో మిగిలిపోయిన చెత్త కాదు, స్వయంగా వాపును రాజేస్తాయి. చైటిన్‌ను కోసే ఎంజైములా కనిపించే వైకేఎల్-40 కూడా ఇదే కోవలోది. తీవ్రమైన ఉబ్బసంలో రక్తంలో పెరుగుతుందని 2007లో యేల్ పరిశోధకులు చూపారు. దానికి ఎంజైమ్ ఆకారం ఉంది, కోసే శక్తి లేదు. ఉబ్బసంలో ఎంజైముల జాబితా రాసే ప్రతివాళ్లూ ఈ రెంటినీ చేరుస్తూనే ఉంటారు.

మన ఒంట్లోవి కాని ఎంజైములూ ఉన్నాయి. 1960లలో బట్టల సబ్బుపొడుల్లో మరకలు పోగొట్టడానికి బ్యాసిలస్ సూక్ష్మజీవి ప్రొటియేజ్‌ను కలపడం మొదలుపెట్టారు. ఆ ఫ్యాక్టరీల్లో పొడి పీల్చిన కార్మికులకు ఆయాసం, పిల్లికూతలు వచ్చాయి. 1969లో బ్రిటన్ వైద్యుడు ఫ్లిండ్ట్ లాన్సెట్‌లో ఈ సంగతి బయటపెట్టాడు. ఆ తర్వాతే ఎంజైమ్‌ను గుళికల్లో పొదిగి దుమ్ము లేవకుండా చేసే పద్ధతి వచ్చింది. రొట్టెల పిండిలో కలిపే శిలీంధ్రపు ఎమైలేజ్ బేకరీ పనివాళ్లకు ఇదే చేస్తుంది. మన కోస్తా ఊళ్లలో ఉక్కపోతకు పరుపుల్లో, దిండ్లలో పెరిగే దుమ్ముపురుగుల మలంలోనూ ఒక ప్రొటియేజ్ ఉంది. అది శ్వాసనాళపు పైపొర కణాల మధ్య ఉండే అతుకులను కోసి, అలర్జీ పదార్థాలకు లోపలికి దారి చేస్తుందని 1999లో చూపారు. మనవాళ్లు ఎండాకాలంలో పరుపులు మేడ మీద ఎండేయడంలో అర్థముంది. పురుగులు ఎండకు తట్టుకోలేవు. పోగుపడిన మలం మాత్రం దులిపితేనో ఉతికితేనో గానీ పోదు.

మందు దాకా వచ్చిన ఎంజైమ్ 5-లైపాక్సిజినేజ్. అది తయారుచేసే ల్యూకోట్రైన్లు శ్వాసనాళాలను హిస్టమిన్ కన్నా ఎన్నో రెట్లు గట్టిగా బిగిస్తాయి. 1979లో శామ్యూల్సన్ వాటికి ఆ పేరు పెట్టాడు. ఎంజైమ్‌నే అడ్డుకునే జైల్యూటాన్ 1996లో అమెరికాలో వచ్చింది. మొదట్లో రోజుకు నాలుగుసార్లు మింగాల్సి ఉండేది, కాలేయ పరీక్షలూ చేయించుకుంటూ ఉండాలి. అందుకే అది వెనకబడి, ల్యూకోట్రైన్ గ్రాహకాన్ని అడ్డుకునే మాంటెలుకాస్ట్ ముందుకొచ్చింది. ఆ మాత్ర ఇప్పుడు మన ప్రతి ఊరి మెడికల్ షాపులోనూ దొరుకుతుంది. దాని వల్ల కొందరిలో మానసిక ఇబ్బందులు వస్తాయని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జతచేసిన సంగతి మాత్రం కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. ఈ ఎంజైమ్ చురుకుదనాన్ని కూడా రక్తంలో కొలవరు. రక్తం తీస్తుంటేనే కణాలు రెచ్చిపోయి ల్యూకోట్రైన్లను తయారుచేసేస్తాయి. అందుకని మూత్రంలో వాటి చివరి రూపాన్ని కొలుస్తారు. ఆస్పిరిన్ పడని ఉబ్బసం రోగుల్లో అది బాగా ఎక్కువగా ఉంటుంది. వాళ్లకు తలనొప్పి మాత్ర ఒకటి చాలు, ఆసుపత్రి పాలుకావడానికి.

ఇన్ని ఎంజైముల్లోనూ ఉబ్బసపు రోజువారీ వైద్యంలో కొలతగా నిలిచింది ఒక్కటే, నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్. అదీ రక్తంలో కాదు, ఊపిరిలో. మనుషులు వదిలే గాలిలో నైట్రిక్ ఆక్సైడ్ ఉందని 1991లో స్వీడన్‌లో కనుక్కున్నారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో అది ఎక్కువని 1993లో తేలింది. ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలు అందితే శ్వాసనాళపు పైపొర కణాలు ఈ ఎంజైమ్‌ను దండిగా తయారుచేస్తాయి. అది వదిలే వాయువు నేరుగా ఊపిరిలో కలుస్తుంది. మధ్యలో సూది లేదు, గొట్టం లేదు, గడ్డకట్టే గొడవ లేదు. ఎంజైమ్‌ను కాకుండా అది చేసిన పనిని, అది జరిగిన చోటే కొలుస్తున్నారు. ఈ పరీక్ష గెలవడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

అలాగని దీనికి నియమాలు లేకపోలేదు. సెకనుకు 50 మిల్లీలీటర్ల వేగంతో నిలకడగా ఊదాలి. కాస్త ఒత్తిడికి ఎదురుగా ఊదాలి, లేకపోతే ముక్కు పక్క గదుల్లోని గాలి కలిసి అంకెను అమాంతం పెంచేస్తుంది. పాలకూర, బీట్‌రూట్ లాంటివి తిని వస్తే అంకె పెరుగుతుంది, సిగరెట్ తాగేవాళ్లలో తగ్గుతుంది. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2011 సూచనల ప్రకారం పెద్దవాళ్లలో వంద కోట్ల భాగాలకు 25 లోపు తక్కువ, 50 పైన ఎక్కువ. పిల్లలకు ఆ హద్దులు 20, 35.

ఈ అంకె రక్తంలోని ఇసినోఫిల్స్ లెక్కతో ఎప్పుడూ జతగా నడవదు. ఐఎల్-5 అనే మరో సంకేతాన్ని అడ్డుకునే మెపోలిజుమాబ్ ఇస్తే రక్తంలో ఇసినోఫిల్స్ దాదాపు మాయమవుతాయి, ఊపిరి అంకె పెద్దగా కదలదు. ఐఎల్-4, ఐఎల్-13 దారిని మూసే డుపిలుమాబ్ ఇస్తే ఊపిరి అంకె పడిపోతుంది, రక్తంలో ఇసినోఫిల్స్ కొందరిలో కొంతకాలం పెరుగుతాయి కూడా. రెండూ ఉబ్బసాన్ని తగ్గించే మందులే. రక్తం, శ్వాసనాళం చెప్పేవి రెండు వేరు కథలన్నదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

మరి ఆ ఎంజైమ్‌నే ఆపేస్తే? 2007లో ఆ పనీ చేశారు. ఎంజైమ్‌ను అడ్డుకునే ఒక మందు ఇస్తే ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోయింది. అలర్జీ పదార్థం పీల్పించినప్పుడు నాళాలు బిగుసుకోవడం మాత్రం తగ్గలేదు, వాపు కణాలూ తగ్గలేదు. అంటే నైట్రిక్ ఆక్సైడ్ వాపు ఉందని చెప్పే గుర్తే గానీ, ఆయాసం పుట్టించేది అది కాదు. ఆర్జినైన్ అనే అదే ముడిసరుకు కోసం ఈ ఎంజైమ్‌తో పోటీపడే ఆర్జినేజ్ మీద కూడా ఆశలున్నాయి. ఉబ్బసం ముదిరి ఆసుపత్రికి వచ్చినవాళ్ల సీరంలో ఆర్జినేజ్ చురుకుదనం ఎక్కువని, ప్లాస్మాలో ఆర్జినైన్ తక్కువని 2004లో కాలిఫోర్నియాలో క్లాడియా మోరిస్ బృందం చూపింది. పగిలిన ఎర్ర కణాల మాట పైన చెప్పాను కాబట్టి, ఆ వాటా ఎంతో తేల్చకుండా దాన్ని రోగనిర్ధారణకు వాడటం నాకు తొందరపాటే అనిపిస్తుంది.

ఊపిరి పరీక్షకు నేను చూసినంతలో అన్నిటికన్నా ఉపయోగకరమైన వాడుక వేరే ఉంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ క్రమం తప్పకుండా పీలిస్తే చాలామందిలో నైట్రిక్ ఆక్సైడ్ రోజుల్లోనే తగ్గుతుంది. మందు పనిచేయడం లేదని వచ్చినవాళ్లకు ఏడు రోజులపాటు ఎదురుగా ఉండి ఇన్‌హేలర్ పీల్పించి, ముందూ తర్వాతా ఊపిరి కొలిచే పద్ధతిని బెల్‌ఫాస్ట్ వైద్యులు 2012లో ప్రచురించారు. అంకె బాగా పడిపోయినవాళ్లలో చాలామంది అంతకుముందు మందు సరిగా వాడని వాళ్లే. మన దగ్గర ఆయాసం తగ్గగానే ఇన్‌హేలర్‌ను బీరువాలో పెట్టేసి, మళ్లీ చలికాలం వచ్చాక వెతుక్కునేవాళ్లకు కొదవ లేదు. వాళ్ల విషయంలో ఖరీదైన కొత్త ఇంజెక్షన్ రాసే ముందు ఈ ఏడు రోజుల పరీక్ష చేసి చూడటం చవక.